పానార్పణ వేళ పాట: యెరూషలేము ఆలయ గాయకుల పని, హోదా

అందరికీ నమస్కారం.

కీర్తనల గ్రంథం తెరిస్తే చాలా కీర్తనల పైన "ప్రధానగాయకునికి" అని ఉంటుంది. కొన్నింటికి "ఆసాపు కీర్తన" అనో, "కోరహు కుమారుల కీర్తన" అనో కూడా ఉంటుంది. ఆ వరుసను దాటేసి నేరుగా కీర్తనలోకి వెళ్లడం మనకు అలవాటు. ఈ పూట ఆ వరుస దగ్గరే ఆగుదాం. ఎవరీ ఆసాపు వంశస్థులు? ఆలయంలో ఎక్కడ నిలబడేవారు? ఏం వాయించేవారు? వాళ్లకు తిండి ఎవరు పెట్టేవారు? యాజకుల పక్కన వాళ్ల విలువ ఎంత?

నేను చెప్పదలచింది ముందే చెప్పేస్తాను. యెరూషలేము ఆలయంలో సంగీతం కచేరీ కాదు. బలి క్రమంలో ఒకానొక ఘట్టానికి, సరిగ్గా ద్రాక్షారసం పోసే ఆ కాసేపటికి ముడిపెట్టిన విధి అది. ఆ కాసేపట్లో ఎవరి చేతిలో ఏ వాద్యం ఉంది, ఎవరు ఏ మెట్టు మీద ఉన్నారు, ఎవరి ఒంటి మీద ఏ బట్ట ఉంది, ఈ మూడూ చూస్తే హోదా సంగతి తేలిపోతుంది.

మొదటి చిక్కు ఏమిటంటే, మోషే ధర్మశాస్త్రంలో గాయకుల ఊసే లేదు. సంఖ్యాకాండము 10వ అధ్యాయంలో రెండు వెండి బూరలు చేయించమని ఉంది. వాటిని ఊదేది అహరోను కుమారులు, అంటే యాజకులు. లేవీయులకు, అంటే లేవీ గోత్రంలోని మిగతావాళ్లకు, ఆలయం లేని ఆ రోజుల్లో ఆరాధన గుడారం మోసే పని, కాపలా పని అప్పగించారు, పాట పాడమని ఎక్కడా లేదు. తర్వాతి రబ్బీలకు, అంటే యూదు ధర్మపండితులకు, ఇది పెద్ద ఇబ్బందే అయింది. పాటకు ధర్మశాస్త్రంలో ఆధారం ఎక్కడుందని తమ చర్చల సంకలనమైన తల్ముద్‌లో వరుసగా వచనాలు వెతుకుతారు. ద్వితీయోపదేశకాండము 18:7లో "యెహోవా నామమున సేవ" అని ఉంది కదా, నామంతో చేసే సేవ పాట కాక ఇంకేమిటి అంటాడొకాయన. అంత వెతుక్కోవలసి వచ్చిందంటేనే పునాది ఎంత పలచగా ఉందో అర్థమవుతుంది.

గాయకులకు గట్టి పునాది వేసింది దినవృత్తాంతముల గ్రంథం. దాని ప్రకారం దావీదు లేవీయులు 38,000 మందిని లెక్కించి, అందులో 4,000 మందిని వాద్యాలతో స్తుతించే పనికి పెట్టాడు. శిక్షణ పొందిన పాటగాళ్లు 288 మంది. ఆసాపుకు నలుగురు కొడుకులు, యెదూతూనుకు ఆరుగురు, హేమానుకు పద్నాలుగురు, మొత్తం 24. ఒక్కో కొడుకు పేర ఒక్కో వంతు, వంతుకు 12 మంది. ఎవరి వంతు ఎప్పుడన్నది చీట్లు వేసి తేల్చారు. గురువు, శిష్యుడు, పెద్ద, చిన్న తేడా లేదు. ఈ గ్రంథం పారసీక పాలన నాటిది, దావీదుకు కొన్ని శతాబ్దాల తర్వాతది. అందుకని ఆ 4,000ను నేను జనాభా లెక్కగా తీసుకోను. 24 వంతులు, 12 మంది మాత్రం గుర్తుపెట్టుకోండి, ఆ 12 మళ్లీ వస్తుంది.

ఇప్పుడు రెండో ఆలయం, అంటే బబులోను చెర నుంచి తిరిగొచ్చాక కట్టిన ఆలయం, చివరి కాలంలో ఒక ఉదయం చూద్దాం. మనకు ఈ వివరాలు ఇచ్చేది మిష్నా, అంటే తల్ముదుకు మూలమైన రబ్బీల ధర్మ సంకలనం. క్రీ.శ. 70లో ఆలయం కాలిపోయాక సుమారు 130 ఏళ్లకు కూర్చిన గ్రంథం కాబట్టి ప్రతి అంగుళం నమ్మాలని లేదు. అయితే క్రీ.పూ. 200 ప్రాంతపు యూదు రచయిత బెన్ సీరా తన కాలపు ప్రధానయాజకుడు సీమోను సేవను వర్ణిస్తూ ఇదే వరుస చెబుతాడు: రసం పోశారు, యాజకులు బూరలు ఊదారు, జనం సాగిలపడ్డారు, గాయకులు పాడారు. రెండు సాక్ష్యాలకూ నడుమ నాలుగు వందల ఏళ్లున్నా వరుస కలిసింది. అందుకే ఈ క్రమాన్ని నమ్మవచ్చు.

తెల్లవారగానే గొర్రెపిల్లను వధించారు. ధూపం వేశారు. యాజకులు ఆశీర్వాదం పలికారు. మాంస భాగాలు బలిపీఠం మీదకు చేరాయి. చివరగా పానార్పణ: గొర్రెపిల్ల ఒక్కటికి పావు హీను ద్రాక్షారసం, మన లెక్కలో సుమారు ఒక లీటరు. ఇక్కడిదాకా గాయకుల నోరు పెగలదు.

పీఠం కొమ్ము దగ్గర ఉప ప్రధానయాజకుడు చేతిలో గుడ్డతో నిలబడ్డాడు. కొవ్వు పెట్టే బల్ల దగ్గర ఇద్దరు యాజకులు వెండి బూరలు పట్టుకుని ఉన్నారు. వాళ్లు ముందు ఒక నిడుపాటి ఊత, తర్వాత అదిరే ఊత, మళ్లీ నిడుపాటి ఊత ఊదారు. ఊది, తాళాలు వాయించే అధికారి బెన్ అర్జాకు కుడిపక్కన ఒకరు, ఎడమపక్కన ఒకరు వచ్చి నిలిచారు. రసం పోసే యాజకుడు వంగాడు. వంగగానే ఉప ప్రధానయాజకుడు గుడ్డ ఊపాడు. గుడ్డ కదలగానే బెన్ అర్జా తాళాలు కొట్టాడు. తాళాలు మోగగానే లేవీయులు పాట ఎత్తుకున్నారు.

గుడ్డ ఎందుకు? బలిపీఠం అడుగు 32 మూరల చదరం. రసం పోసేది నైరుతి మూల, గాయకుల వేదిక తూర్పున. నడుమ అంత పెద్ద రాతికట్టు, మంట, పొగ. వంగిన మనిషి ఇవతలి వాళ్లకు ఎలా కనబడతాడు? కాబట్టి చూపుతో ఒక సైగ, దాన్ని అందుకుని చెవికి ఒక సైగ. తాళాలు ఇక్కడ లయ పట్టడానికి కాదు, పాట మొదలుపెట్టమని చెప్పడానికి. అందుకే ఎన్ని వాద్యాలు ఉన్నా తాళాలు మాత్రం ఒక్క జతే ఉండాలన్నారు. రెండు జతలుంటే ఎవరి సైగ అందుకోవాలి?

కీర్తనను మూడు భాగాలుగా విడగొట్టి పాడేవారు. ఒక భాగం ముగియగానే బూరలు ఊదేవారు, జనం సాగిలపడేవారు. రోజు మొత్తంలో ఊతల లెక్క చూడండి. గుమ్మాలు తెరిచేటప్పుడు 3, ఉదయపు బలికి 9, సాయంత్రపు బలికి 9, మొత్తం 21. ఇంతకు తగ్గకూడదు. పండుగనాళ్లలో పెరిగి పెరిగి 48 దాకా వెళ్లవచ్చు, దాటకూడదు.

ఏ రోజు ఏ కీర్తనో ఖాయం. ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతిదినాన 92. మృతసముద్రం దగ్గర కుమ్రానులో దొరికిన కీర్తనల చుట్టలో ఇంకో లెక్క ఉంది. దావీదు 3,600 కీర్తనలు రాశాడట, అవి కాక నిత్యబలి ముందు పాడటానికి ఏడాదిలో రోజుకొకటి చొప్పున 364 పాటలు, విశ్రాంతిదినాల అర్పణకు 52. అక్కడివాళ్ల ఏడాది 364 రోజులు, అందుకే ఆ అంకె. ఆలయ క్రమంతో పడని ఆ గుంపు కూడా బలికీ పాటకూ ముడి విప్పలేదు.

వేదిక సంగతికి వద్దాం. సామాన్య ఇశ్రాయేలీయులు నిలిచే ఆవరణకూ యాజకుల ఆవరణకూ నడుమ ఒక మూర ఎత్తు మెట్టు, దాని మీద అర మూర చొప్పున మూడు మెట్ల వేదిక. మొత్తం రెండున్నర మూరలు. లేవీయుడు నిలిచేది సరిగ్గా ఆ సందులో, జనానికి పైన, యాజకుల నేలకు అంచున. హోదాను ఇంత స్పష్టంగా రాతిలో కట్టిపెట్టిన చోటు ఇంకోటి లేదనిపిస్తుంది నాకు.

వేదిక మీద పన్నెండుగురికి తగ్గకూడదు. ఎక్కువకు హద్దు లేదు. ఆ 12 ఎలా వచ్చిందంటే, కనీసం తొమ్మిది కిన్నోర్లు, రెండు నేవెళ్లు, ఒక జత తాళాలు. మన బైబిలులో సితారా అని ఉన్నది ఈ కిన్నోర్, స్వరమండలము అని ఉన్నది నేవెల్. మన సితారను ఊహించుకోకండి. చట్రానికి తీగలు బిగించి ఒంటికి ఆనించి పట్టుకునే వాద్యం అది. రోమా పాలన మీద యూదులు చేసిన బార్ కొఖ్బా తిరుగుబాటు నాటి, అంటే క్రీ.శ. 132–135 నాటి నాణేల మీద ఇలాంటి తంతివాద్యాల బొమ్మలున్నాయి. స్వయంగా యాజకుడైన చరిత్రకారుడు జోసీఫస్ తేడా చెబుతాడు: కిన్నోరుకు పది తీగలు, మీటుగోలుతో వాయిస్తారు, నేవెలుకు పన్నెండు స్వరాలు, వేళ్లతో మీటుతారు. తీగలు గొర్రె పేగులతో చేసేవారు. సన్నపేగు కిన్నోరుకు, లావుపేగు నేవెలుకు. పొట్టేలు బతికుండగా దానికి ఒక్క గొంతే, చచ్చాక ఏడు అని రబ్బీల చమత్కారం ఒకటుంది. రెండు కొమ్ములు రెండు బూరలు, రెండు కాళ్ల ఎముకలు రెండు పిల్లనగ్రోవులు, చర్మం తప్పెట, రెండు రకాల పేగులు రెండు రకాల తంతివాద్యాలు. ఈ వాద్యాలన్నీ భద్రపరిచే గదులు ఇశ్రాయేలీయుల ఆవరణ కింద ఉండేవి, వాటి తలుపులు స్త్రీల ఆవరణలోకి తెరుచుకునేవి.

పేగు తీగ అన్నాక తెగుతుంది. మామూలు రోజైతే మార్చుకుంటారు. విశ్రాంతిదినాన తెగితే? ముడివేయడం ఆ రోజు నిషిద్ధమైన పని. ఆలయంలో మాత్రం తెగిన తీగ ముడివేయవచ్చు, బయట వేయకూడదు అని మిష్నా సడలింపు ఇచ్చింది. కొత్త తీగ కట్టడానికి ఆలయంలోనూ వీల్లేదు. ముడి వద్దు, ఉచ్చులా వేస్తే చాలు అన్నాడొక పండితుడు. అలా వేస్తే నాదం సరిగా పలకదు, కింది చివర నుంచి వదులు చేసి పైన చుట్టండి, లేదా పైనుంచి వదిలి కింద చుట్టండి అన్నాడు ఇంకొకాయన. ఈ మూడో మాట చెప్పినవాడికి తంతివాద్యం తెలుసు. ముడిపడిన తీగ ఆ ముడి దగ్గరే ఆగిపోతుంది, మీటిన కంపం చివరిదాకా సాగదు.

పిల్లనగ్రోవి సంగతి వేరు. బలిపీఠం ముందు అది మోగేది ఏడాదికి పన్నెండు రోజులే. మొదటి పస్కా వధనాడు, రెండో పస్కా (మొదటిది తప్పినవాళ్లకు నెల తర్వాతది) వధనాడు, పస్కా పండుగ మొదటి రోజు, వారముల పండుగనాడు, పర్ణశాలల పండుగ ఎనిమిది రోజులు. పిల్లనగ్రోవులు రెండింటికి తగ్గకూడదు, పన్నెండుకు మించకూడదు. రాగి గొట్టం పనికిరాదు, రెల్లు గొట్టమే వాడాలి, దాని పలుకు తీపి. పాట ముగింపు ఒక్క పిల్లనగ్రోవే పలకాలి, అందంగా దిగుతుందని.

బాగుచేయబోయి చెడగొట్టిన కథలు రెండు తల్ముద్‌లో పక్కపక్కనే ఉన్నాయి. పలచగా నున్నగా ఉన్న పాత రెల్లు పిల్లనగ్రోవికి ఒక రాజు బంగారు తొడుగు వేయించాడు. నాదం పోయింది. తొడుగు తీసేశారు, తిరిగి వచ్చింది. రాగి తాళం ఒకటి దెబ్బతింటే ఐగుప్తులోని అలెగ్జాండ్రియా నుంచి పనివాళ్లను రప్పించి అతుకు వేయించారు. నాదం పోయింది. అతుకు పీకేశారు, మళ్లీ పలికింది. తాళం విషయంలో కారణం వెతకనక్కర్లేదు. పలచని రేకు మీద ఒకచోట బరువు పెరిగితే కంపం అక్కడ చచ్చిపోతుంది.

ఇక మనుషులు. సంఖ్యాకాండములో లేవీయుల పనికి 30 ఏళ్లని ఒకచోట, 25 అని మరోచోట ఉంది. రబ్బీలు దీన్ని ఇలా కలిపారు: 25కు నేర్చుకోవడానికి రావాలి, 30కి పనిలోకి దిగాలి. అంటే ఐదేళ్ల శిక్షణ. దాన్నుంచే ఇంకో సూత్రం తీశారు: ఐదేళ్లలో చదువు పట్టుబడని శిష్యుడికి ఇక పట్టుబడదు. కొంచెం కటువే. యాభై ఏళ్లకు విరమణ అన్నది గుడారం మోసిన ఎడారి కాలానికే. స్థిరమైన ఆలయంలో లేవీయుణ్ని తప్పించేది వయసు కాదు, గొంతు. యాజకుడికి ఒంటి మీద లోపం ఉంటే పనికిరాడు, వయసు అడ్డు కాదు. లేవీయుడికి ఒంటి లోపం అడ్డు కాదు, గొంతు పోతే సెలవు.

పిల్లలకు ఆ ఆవరణలో సేవకు ప్రవేశం ఉన్నది ఒక్క పాట వేళే. వాద్యం ముట్టకూడదు, నోటితో మాత్రమే, పెద్దల గొంతుకు తాలింపు వేసినట్టు. వాళ్లు వేదిక ఎక్కరు, కింద నేల మీద నిలుస్తారు, తలలు పెద్దల కాళ్ల నడుమ ఉంటాయి. పన్నెండుగురి లెక్కలోకి రారు. వీళ్లకు "లేవీయులను ఏడిపించేవాళ్లు" అని పేరు, లేత గొంతు పలికిన సన్నదనం పెద్దలకు పలకదు కనుక. (నవ్వులు)

విద్యను గుప్పిట్లో పెట్టుకున్నవాడూ ఉన్నాడు. పాటకు అధికారి హూగ్రాస్ బెన్ లేవీ. గొంతు అదిరించేటప్పుడు బొటనవేలు నోట్లో పెట్టి, చూపుడువేలు మీసాల నడుమ ఉంచి పాడేవాడట. ఆ నాదానికి పక్కనున్న యాజకులు ఒక్కసారి వెనక్కి తూలేవారట. ఆ పట్టు ఎవరికీ నేర్పనన్నాడు. సముఖపు రొట్టెలు, అంటే ఆలయంలో దేవుని ఎదుట ఉంచే రొట్టెలు, చేసే గార్ము కుటుంబం కూడా తమ విద్య నేర్పలేదు గానీ వాళ్లు కారణం చెప్పారు, పండితులు ఒప్పుకున్నారు. హూగ్రాస్ ఏం కారణం చెప్పాడో ఆ కథనంలో లేదు. మిష్నా అతని పేరును నింద కిందే రాసిపెట్టింది.

పాట తప్పిన సందర్భమూ ఉంది. కొత్త నెల చంద్రుణ్ని చూసిన సాక్షులు వస్తేనే ఆ రోజు పండుగ. ఒకసారి సాక్షులు బాగా ఆలస్యం చేశారు. సాయంత్రపు బలి వేళ అయింది, ఇది మామూలు రోజా పండుగా తెలియదు, ఏ కీర్తన ఎత్తుకోవాలి? లేవీయులు తడబడ్డారు. అసలు పాడలేదని ఒకరు, మామూలు రోజు కీర్తన పాడేశారని ఇంకొకరు. ఆనాటి నుంచి సాయంత్రపు బలి వేళ దాటితే ఆ రోజుకు సాక్ష్యం తీసుకోకూడదని కట్టడి చేశారు. పాట తప్పిందని పంచాంగం పద్ధతే మార్చారు. పాటను బలికి అలంకారం అనుకుని ఉంటే ఆ పని చేసేవారు కాదు. పాట లేకపోతే బలే చెల్లదని రబ్బీ మేయిర్ వాదించాడు. మిగతావాళ్లు అంతదూరం వెళ్లలేదు.

ఇంత ముఖ్యమైన పని చేసినవాళ్ల హోదా ఏమిటి? బబులోను నుంచి తిరిగొచ్చినవాళ్ల జాబితా ఎజ్రా 2వ అధ్యాయంలో ఉంది. లేవీయులు 74. దాని కింద వేరే పద్దు: గాయకులు, ఆసాపు వంశస్థులు, 128. నెహెమ్యా జాబితాలో 148. అంటే అప్పటికి వాళ్లను లేవీయుల్లో కలిపి లెక్కించలేదు. దినవృత్తాంతముల గ్రంథం వచ్చేసరికి ఆసాపు, హేమాను, యెదూతూను ముగ్గురికీ లేవీ దాకా వంశవృక్షాలు సిద్ధం. ఒక వృత్తి బృందం నెమ్మదిగా గోత్రంలోకి ఎక్కిందని చాలామంది పండితులు అంటారు, నాకూ అదే సబబనిపిస్తుంది. అదే ఎజ్రా జాబితా చివర ఇంకో 200 మంది గాయకులు, గాయకురాండ్రు కనిపిస్తారు. వాళ్లు ఉన్నది దాసదాసీల తర్వాత, గుర్రాల ముందు. వీళ్లు ఇళ్లల్లో పాడేవాళ్లు. పాడటం ఒక్కటే అయినా పద్దు వేరు.

పారసీక రాజు అర్తహషస్త ఆలయ గాయకుల మీద పన్ను వేయకూడదని ఆజ్ఞ ఇచ్చాడు. వాళ్లకు రోజువారీ బత్తెం రాజాజ్ఞ మీద నడిచిందని నెహెమ్యా 11:23. యెరూషలేము చుట్టూ గాయకులు ఊళ్లు కట్టుకున్నారు. గెబ, అజ్మావెతు పొలాల నుంచి వచ్చేవారు. కాగితం మీద బాగానే ఉంది. యూదయ అధిపతి నెహెమ్యా పారసీక రాజు దగ్గరికి వెళ్లిన కాలంలో జనం లేవీయులకు ఇవ్వవలసిన దశమభాగం (రాబడిలో పదో వంతు) ఇవ్వడం మానేశారు. గాయకులు పాట వదిలేసి ఎవరి పొలాలకు వాళ్లు వెళ్లిపోయారు. నెహెమ్యా తిరిగొచ్చి, అధికారులను నిలదీసి, వీళ్లను మళ్లీ స్థానాల్లో నిలబెట్టి, కొట్ల మీద ఒక యాజకుణ్ని, ఒక శాస్త్రిని, ఒక లేవీయుణ్ని, వాళ్లకు సాయంగా ఇంకొకణ్ని పెట్టాడు. ఉపదేశం చేసి ఊరుకోలేదు, పంపిణీకి మనుషుల్ని పెట్టాడు.

లేవీయుల్లోనూ పొరలున్నాయి. పాటగాడు గుమ్మాల పని ముట్టకూడదు, ద్వారపాలకుడు పాట ముట్టకూడదు. రబ్బీ యెహోషువ బెన్ హనన్యా ఒకసారి తలుపులు మూయడానికి సాయం వెళితే యోహానాన్ బెన్ గుద్‌గదా వెనక్కి పంపాడు: "నాయనా, వెనక్కి వెళ్లు, నువ్వు పాటగాళ్ల వాడివి, గుమ్మాల వాడివి కావు." పిల్లనగ్రోవి ఊదేవాళ్లయితే అసలు ఎవరన్నదే తగువు. యాజకుల బానిసలని ఒకరు, ఎమ్మాయు నుంచి వచ్చిన, యాజకులకు పిల్లనిచ్చే మంచి కుటుంబాలవాళ్లని ఒకరు, లేవీయులేనని ఒకరు. ఇది కబుర్ల తగువు కాదు. ఒకడు వేదిక మీద వాయిస్తూ కనబడ్డాడంటే అతనికి పిల్లనివ్వచ్చా, దశమభాగం ఇవ్వచ్చా? బానిసలైతే రెండూ కుదరవు. మంచి కుటుంబమైతే సంబంధం కుదురుతుంది, దశమభాగం కుదరదు. లేవీయులైతే రెండూ కుదురుతాయి.

చివరి ఘట్టం క్రీ.శ. 60లలో. గాయక లేవీయులు రాజు రెండో అగ్రిప్ప దగ్గరికి వెళ్లి, సభను సమావేశపరచి తమకూ యాజకుల్లా నారబట్టలు వేసుకునే అనుమతి ఇప్పించమన్నారు. మీ పాలన గుర్తుండిపోతుందని కూడా అన్నారు. రాజు ఒప్పుకున్నాడు. ఆ ఊపులోనే ఆలయంలో సేవచేసే మరో లేవీ వర్గానికీ కీర్తనలు కంఠస్థం చేసే అనుమతి దొరికింది. ఇది పూర్వుల ధర్మానికి విరుద్ధమనీ, ఇలాంటివాటికి శిక్ష తప్పదనీ జోసీఫస్ మండిపడ్డాడు. ఆయన యాజకుడని మరిచిపోకండి. రెండో దినవృత్తాంతములు 5:12 తీసి చూడండి: సొలొమోను ఆలయ ప్రతిష్ఠలో ఆసాపు, హేమాను, యెదూతూను వర్గాల గాయకులు సన్నపు నారబట్టలు కట్టుకుని బలిపీఠానికి తూర్పున నిలిచారు. గాయకుల అర్జీకి లేఖనం అండ ఉంది. జోసీఫస్ ఆ మాట ఎత్తలేదు. పదేళ్లు తిరక్కముందే ఆలయమే లేకుండా పోయింది, తగువూ దానితోనే పోయింది.

ఒక ప్రశ్న వచ్చింది: ఆ రాగాలు ఏమైనా మిగిలాయా అని. కీర్తనల క్రమం మిగిలింది. ఆ ఏడు కీర్తనలే ఈనాటికీ యూదులు ఉదయ ప్రార్థనలో రోజుకొకటి చదువుతారు, లేవీయులు ఆలయంలో ఫలానా రోజున చెప్పేవారు అని ముందుగా పలికి మరీ. లేవీ వంశస్థులను ధర్మశాస్త్ర పఠనానికి యాజక వంశస్థుల తర్వాత రెండోవారుగా పిలుస్తారు, యాజకుల చేతుల మీద నీళ్లు పోసేదీ వాళ్లే. రాగాలు మాత్రం లేవు. ఆలయంలో స్వరాలు రాసిపెట్టుకునే పద్ధతి ఉన్నట్టు ఆధారం లేదు, ఐదేళ్లూ విని నేర్చుకోవడమే. హెబ్రీ బైబిలు అక్షరాల పైనా కిందా కనిపించే పఠన గుర్తులు ఆలయం పోయాక కొన్ని శతాబ్దాలకు గలిలయలోని తిబెరియ పట్టణపు పండితులు స్థిరపరిచినవి. వాటిని చూపించి ఇదే లేవీయుల సంగీతం అని ఎవరైనా రికార్డింగు వినిపిస్తే, పాటగా విని ఆనందించండి, సాక్ష్యంగా మాత్రం తీసుకోకండి.